తొలగించినా తరగని ఇన్‌బాక్స్

ప్రశ్న: నేను గుంటూరులో పన్నుల సలహాదారుగా పనిచేస్తున్నాను. చాలా ఏళ్లుగా విండోస్ కంప్యూటర్‌లో థండర్‌బర్డ్ ద్వారానే మెయిళ్లు చూసుకుంటున్నాను. ఆఫీసు డొమైన్ పేరుతో ఉన్న ఖాతా పాప్ పద్ధతిలోనూ, జీమెయిల్ ఖాతా ఐమ్యాప్ పద్ధతిలోనూ ఉన్నాయి. ఈ మధ్య థండర్‌బర్డ్ తెరుచుకోవడానికే రెండు మూడు నిమిషాలు పడుతోంది. ఇన్‌బాక్స్ మీద నొక్కితే తెర తెల్లబడి ‘నాట్ రెస్పాండింగ్’ అని వస్తోంది. మెయిల్ టైపు చేస్తుంటే అక్షరాలు ఆగి ఆగి పడుతున్నాయి. వేలకొద్దీ పాత మెయిళ్లు డిలీట్ చేశాను. వేగం పెరగలేదు సరికదా, డిస్కులో ఖాళీ ఇంకా తగ్గింది. సర్వీసు చేసే అబ్బాయి కంప్యూటర్ ఫార్మాట్ చేద్దామంటున్నాడు, లేదంటే కొత్తది కొనమంటున్నాడు. నెలనెలా ఇరవయ్యో తేదీ గడువు తరుముతుంటే క్లయింట్ల మెయిళ్లు ఏమైపోతాయోనని భయంగా ఉంది. ఏం చేయమంటారు?

సమాధానం: ఫార్మాట్ చేయడానికి మాత్రం ఒప్పుకోకండి. ఐమ్యాప్ పద్ధతిలో అసలు మెయిళ్లు సర్వర్‌లోనే ఉంటాయి. పాప్ పద్ధతిలో మెయిళ్లు సర్వర్ నుంచి మీ కంప్యూటర్‌లోకి దిగుతాయి. ఆ తర్వాత వాటి ప్రతి సర్వర్‌లో ఎన్నాళ్లు ఉండాలన్నది ఖాతా అమరికను బట్టి ఉంటుంది. కొద్ది రోజులు ఉంచి తీసేసే అమరిక చాలా ఖాతాల్లో ఉంటుంది కాబట్టి, మీ ఆఫీసు ఖాతాలోని పాత మెయిళ్లకు మిగిలి ఉన్న ఒకే ఒక్క ప్రతి మీ హార్డ్ డిస్కులోనే ఉండవచ్చు. బ్యాకప్ తీయకుండా ఫార్మాట్ చేస్తే అవి తిరిగి రావు. బ్యాకప్ తీసి ఫార్మాట్ చేసినా, అవే ఫైళ్లను మళ్లీ తెచ్చి పెడతారు గనుక ఈ జబ్బు వాటితోపాటే తిరిగి వస్తుంది. ఇక్కడ చెప్పబోయే పనులను కూడా గడువు ముందు రెండు రోజుల్లో మొదలుపెట్టకుండా, రిటర్నులు దాఖలు చేశాక ఒక శనివారం సాయంత్రం తీరిగ్గా చేసుకోవడం మంచిది.

మీ లేఖలో నాకు అన్నిటికంటే విలువైన ఆనవాలు ఒకటి దొరికింది. వేలకొద్దీ మెయిళ్లు డిలీట్ చేశాక డిస్కులో ఖాళీ తగ్గిందని రాశారు. అది వింతగా తోస్తుంది గానీ, థండర్‌బర్డ్ మెయిళ్లను దాచే తీరు తెలిస్తే అలా కాకుండా ఇంకెలా జరుగుతుందనిపిస్తుంది. థండర్‌బర్డ్ మామూలు అమరికలో ఒక ఫోల్డర్‌లోని మెయిళ్లన్నిటినీ విడివిడిగా కాక, ఒకే ఒక్క పొడవాటి ఫైలులో ఒకదాని కింద ఒకటి చేర్చి రాస్తుంది. యూనిక్స్ కాలం నుంచి వస్తున్న ఈ పద్ధతిని ఎంబాక్స్ అంటారు. మీ ఇన్‌బాక్స్ అంటే, డిస్కులో ‘ఇన్‌బాక్స్’ అనే పేరుతో, పేరు చివర ఏ తోకా లేకుండా ఉండే ఒక ఫైలు. అందులోంచి మీరు ఒక మెయిల్ డిలీట్ చేస్తే థండర్‌బర్డ్ దాన్ని ముందు ట్రాష్ ఫోల్డర్ ఫైలులోకి కాపీ చేస్తుంది, తర్వాత ఇన్‌బాక్స్ ఫైలులో ఆ మెయిల్ మీద ‘ఇది పోయినట్టు లెక్క’ అని ఒక గుర్తు పెట్టి మీ కంటికి కనబడకుండా చేస్తుంది. మీ వృత్తి భాషలో చెప్పాలంటే, చిట్టాలో పద్దు కొట్టేసినంత మాత్రాన పుస్తకం పలచబడదు. ఇన్‌బాక్స్ ఫైలు ఉన్నంతా ఉంది. ట్రాష్ ఫైలు కొత్తగా లావెక్కింది. డిస్కులో ఖాళీ తగ్గిన లెక్క అక్కడ తేలుతుంది.

గుర్తు పెట్టిన మెయిళ్లను నిజంగా తీసేసి ఫైలును కుదించే పనిని కంపాక్ట్ చేయడం అంటారు. అలా చేస్తే ఒక పరిమితికి మించి, మామూలుగా 200 ఎం.బి.కి మించి, చోటు కలిసివస్తుందనుకున్నప్పుడు థండర్‌బర్డ్ తానే ఆ పనికి సిద్ధమై, చేయనా అని అడుగుతుంది. పని తొందరలో ఆ పెట్టె కనబడగానే వద్దని నొక్కేసేవారే ఎక్కువ. ఏళ్ల తరబడి అలా నొక్కుతూ పోతే, కళ్లకు పదివేల మెయిళ్లున్నట్టు కనిపించే ఇన్‌బాక్స్ కింద లక్ష మెయిళ్ల బరువున్న ఫైలు పేరుకుంటుంది.

అసలు పనికి దిగే ముందు కొలత, బ్యాకప్ రెండూ కావాలి. ఆల్ట్ మీట నొక్కితే పైన మెనూ వరుస కనిపిస్తుంది. అందులో హెల్ప్ కింద ‘ట్రబుల్‌షూటింగ్ ఇన్ఫర్మేషన్’ తెరిస్తే ‘ప్రొఫైల్ ఫోల్డర్’ అనే వరుస పక్కన ‘ఓపెన్ ఫోల్డర్’ అని ఉంటుంది. దాన్ని నొక్కితే మీ మెయిళ్లన్నీ నిజంగా ఉండే చోటు తెరుచుకుంటుంది. అక్కడ ‘మెయిల్’ అనే ఫోల్డర్‌లో పాప్ ఖాతా ఫైళ్లు, ‘ఐమ్యాప్ మెయిల్’ అనే దానిలో జీమెయిల్ ఫైళ్లు ఉంటాయి. లోపలికి వెళ్లి ఇన్‌బాక్స్, సెంట్, ట్రాష్ ఫైళ్ల సైజులు ఒక కాగితం మీద రాసుకోండి. ఇన్‌బాక్స్ ఫైలు ఏ 10 జి.బి.యో ఉంటే మీ సమస్యలో సగానికి పైగా అక్కడే తేలిపోయినట్టు.

తర్వాత థండర్‌బర్డ్‌ను పూర్తిగా మూసివేసి, ఆ ప్రొఫైల్ ఫోల్డర్‌కు రెండు మెట్లు పైన ఉండే ‘థండర్‌బర్డ్’ అనే ఫోల్డర్ మొత్తాన్ని ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులోకి కాపీ చేయండి. తెరిచి ఉండగా కాపీ చేస్తే సగం రాసిన ఫైళ్లు వస్తాయి. పాత పెన్‌డ్రైవ్‌లు చాలావరకు ఫైళ్లను అమర్చే ఫ్యాట్32 అనే పద్ధతిలో ఉంటాయి. వాటిలో ఒక ఫైలు 4 జి.బి.కి మించి పట్టదు. పెన్‌డ్రైవ్‌లో 32 జి.బి. ఖాళీ ఉన్నా మీ ఇన్‌బాక్స్ ఫైలు దగ్గర కాపీ ఆగిపోతే కారణం అదే. ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతి గానీ, ఎక్స్‌ఫ్యాట్ పద్ధతి గానీ ఉన్న డిస్కు వాడండి. కాపీ అయ్యాక సైజులు సరిచూసుకోకుండా ముందుకు వెళ్లవద్దు.

ఇప్పుడు ట్రాష్‌ను ఖాళీ చేయండి. అయితే తీసేసిన వాటిలో ఏదైనా వెనక్కి కావాలేమో ఒకసారి చూసుకోండి, ఎందుకంటే కంపాక్ట్ అయిన తర్వాత అక్కడి నుంచి వెనక్కి తేవడం కుదరదు. ఆ తర్వాత ఇన్‌బాక్స్ మీద రైట్ క్లిక్ చేసి ‘కంపాక్ట్’ నొక్కండి. ఈ పనిలో థండర్‌బర్డ్ మిగిలి ఉన్న మెయిళ్లను మాత్రమే ఏరి కొత్త ఫైలు రాసి, అది పూర్తయ్యాక పాతదాన్ని తీసేస్తుంది కాబట్టి, డిస్కులో కనీసం ఇన్‌బాక్స్ సైజంత ఖాళీ ఉండాలి. లేకపోతే పని మధ్యలో ఆగుతుంది. అలా ఆగిన సందర్భాల్లో ‘ఎన్ఎస్‌టీఎంపీ’ అనే పేరుతో తాత్కాలిక ఫైళ్లు మిగిలిపోయి డిస్కును నింపుతుంటాయి. మీ ప్రొఫైల్‌లో అలాంటివి కనిపిస్తే, బ్యాకప్ చేతిలో ఉంది గనుక, థండర్‌బర్డ్ మూసి ఉన్నప్పుడు వాటిని తీసేయవచ్చు. పెద్ద ఫైలు కంపాక్ట్ కావడానికి చాలాసేపు పడుతుంది. ‘నాట్ రెస్పాండింగ్’ అని వచ్చినా టాస్క్ మేనేజర్‌తో బలవంతంగా ఆపకండి. యూపీఎస్ లేని కంప్యూటర్ అయితే కరెంటు కోత లేని వేళ చూసుకుని మొదలుపెట్టండి.

కంపాక్ట్ అయ్యాక కూడా ఇన్‌బాక్స్ తెరవగానే ఆగిపోతుంటే ఇండెక్స్ వైపు చూడాలి. ప్రతి ఫోల్డర్ ఫైలు పక్కనే అదే పేరుతో, చివర ఎంఎస్ఎఫ్ అని ఉండే చిన్న ఫైలు ఒకటి ఉంటుంది. జాబితాలో మీకు కనిపించే పేర్లు, తేదీలు, చదివారా లేదా అన్న వివరాలు అందులోంచే వస్తాయి. అది చెడితే మెయిళ్లు క్షేమంగా ఉన్నా జాబితా తారుమారవుతుంది, లేదా తెరవడానికి యుగం పడుతుంది. ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ‘ప్రాపర్టీస్’లో ‘రిపేర్ ఫోల్డర్’ నొక్కితే అది కొత్తగా తయారవుతుంది. పాప్ ఖాతాకు ఇది నిరపాయం. జీమెయిల్ ఫోల్డర్ మీద మాత్రం ఇదే మీట నొక్కితే, కంప్యూటర్‌లో దించి ఉంచిన ప్రతులను పక్కన పెట్టి అన్నిటినీ సర్వర్ నుంచి మళ్లీ దించుకోవడం మొదలుపెడుతుంది కాబట్టి ఊరికే నొక్కి చూడవద్దు.

ఇంతవరకు చేసినది శుభ్రపరచడం. ఇన్‌బాక్స్‌ను మళ్లీ ఆ స్థితికి రానివ్వకుండా చూడటం మీ చేతిలో పని, నా దృష్టిలో అసలు మందు కూడా అదే. కొత్త మెయిల్ వచ్చిన ప్రతిసారీ ఆ పెద్ద ఫైలు మారుతుంది, మారినప్పుడల్లా యాంటీవైరస్ దాన్ని మళ్లీ తనిఖీ చేయబోతుంది, కంపాక్ట్ చేసినప్పుడల్లా అంత ఫైలూ తిరగరాయాలి. పాత మెయిళ్లు వేరే ఫైళ్లలో ఉంటే వాటిని ఎవరూ కదపరు. ఇందుకు థండర్‌బర్డ్‌లోనే ఆర్కైవ్ అనే సదుపాయం ఉంది: మెయిళ్లను ఎంచుకుని ‘ఎ’ అక్షరం నొక్కితే అవి సంవత్సరాల వారీ ఫోల్డర్లలోకి వెళ్లిపోతాయి. అకౌంట్ సెట్టింగ్స్‌లోని ‘కాపీస్ అండ్ ఫోల్డర్స్’లో సంవత్సరానికి ఒకటా, నెలకు ఒకటా అన్నది మీరే నిర్ణయించవచ్చు. అది జనవరి నుంచి డిసెంబరు వరకే లెక్క వేస్తుంది. మీకు ఏప్రిల్ నుంచి మార్చి వరకు ఆర్థిక సంవత్సరం ప్రకారం కావాలంటే, మీ కంప్యూటర్‌లోనే ఉండే ‘లోకల్ ఫోల్డర్స్’ కింద మీరే ఫోల్డర్లు చేసుకుని తేదీల వారీగా తరలించుకోండి. యాభైవేల మెయిళ్లు ఒక్కసారిగా ఎంచుకుని లాగకుండా రెండు మూడు వేల చొప్పున పంపండి. తరలింపు అంటే కూడా కాపీ చేసి గుర్తు పెట్టడమే కనుక, అంతా అయ్యాక ఇన్‌బాక్స్‌ను మరోసారి కంపాక్ట్ చేయాలి.

ఏవి తీసేయవచ్చన్న విషయంలో మీకు నేను చెప్పవలసింది తక్కువ. జీఎస్‌టీ చట్టం ప్రకారం లెక్కలు, రికార్డులు వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు ఉంచాలని మీరే క్లయింట్లకు చెబుతుంటారు కాబట్టి, పాతబడ్డాయన్న ఒక్క కారణంతో దేన్నీ తీసేయకండి. బరువు ఎక్కడుందో చూసి తీయండి. జాబితాలో సైజు నిలువు వరుసను చేర్చి దాని మీద నొక్కితే పెద్ద మెయిళ్లు పైకి వస్తాయి. స్కాన్ చేసిన బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఫోన్‌లో తీసిన బిల్లుల ఫొటోలే అక్కడ వరసగా కనిపిస్తాయి. మెయిల్‌లో ప్రయాణించే అటాచ్‌మెంట్‌ను అక్షరాలుగా మార్చి పంపుతారు గనుక అది అసలు ఫైలుకంటే దాదాపు మూడోవంతు పెరుగుతుంది: 15 ఎం.బి. స్కాన్ మెయిల్ ఫైలులో 20 ఎం.బి. తింటుంది. అటువంటి వాటిని క్లయింటు ఫోల్డర్‌లో సేవ్ చేసుకుని, ‘డిటాచ్’ ద్వారా మెయిల్‌లోంచి విడదీయవచ్చు. శాఖ నుంచి వచ్చిన నోటీసులను, రేపు ఎక్కడైనా సాక్ష్యంగా చూపవలసి రాగల మెయిళ్లను మాత్రం ముట్టుకోకండి. డిటాచ్ చేస్తే ఆ మెయిల్ వచ్చిన రూపంలో ఉండదు.

యాంటీవైరస్ సంగతి పైన ఒకసారి వచ్చింది. థండర్‌బర్డ్ నెమ్మదించినప్పుడు కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరవండి. డిస్క్ వరుస 100 శాతం దగ్గర నిలబడి, పైన ‘యాంటీమాల్‌వేర్ సర్వీస్ ఎగ్జిక్యూటబుల్’ అన్న పేరో, మీరు కొనుక్కున్న యాంటీవైరస్ పేరో కనిపిస్తే తగవు అక్కడుంది. దీనికోసం యాంటీవైరస్‌ను తీసేయనక్కర్లేదు, తీసేయకూడదు కూడా. దాని మినహాయింపుల జాబితాలో ప్రొఫైల్ ఫోల్డర్‌ను చేర్చితే చాలు. మెయిల్ ఫైలు లోపల అటాచ్‌మెంట్ రూపంలో పడి ఉన్న వైరస్ తనంతట తాను లేవలేదు. మీరు దాన్ని తెరిచినా, సేవ్ చేసినా ఆ ప్రతి మినహాయింపు లేని వేరే ఫోల్డర్‌లో పడుతుంది గనుక యాంటీవైరస్ అక్కడ పట్టుకుంటుంది. ఈ మినహాయింపు వల్ల వేగం కంటే పెద్ద లాభం మరొకటి ఉంది. ఒక్క మెయిల్‌లో వైరస్ కనిపించినా, యాంటీవైరస్ దృష్టిలో అది ‘ఇన్‌బాక్స్’ అనే ఒకే ఫైలు. ఆ ఫైలు మొత్తాన్ని క్వారంటైన్‌లోకి, అంటే అనుమానిత ఫైళ్లను బంధించే చోటికి తోసేస్తే తెల్లారేసరికి మీ ఇన్‌బాక్స్ ఖాళీగా కనిపిస్తుంది.

ఇక జీమెయిల్. అక్కడ ఇన్‌బాక్స్, లేబుళ్లు వేర్వేరుగా కనిపిస్తున్నా, ‘ఆల్ మెయిల్’ అనే ఫోల్డర్‌లో ప్రతి మెయిలూ మళ్లీ ఉంటుంది. థండర్‌బర్డ్ దాన్నీ ఒక ఫోల్డర్‌గా భావించి దించుకోవడం వల్ల ఒకే మెయిల్ రెండుసార్లు, లేబుళ్లుంటే మూడుసార్లు మీ డిస్కులో చేరుతుంది. జీమెయిల్‌ను బ్రౌజర్‌లో తెరిచి, సెట్టింగుల్లో లేబుల్స్ దగ్గర ‘ఆల్ మెయిల్’కు ఎదురుగా ఉన్న ‘షో ఇన్ ఐమ్యాప్’ టిక్కు తీసేస్తే ఆ రెట్టింపు ఆగుతుంది. అలాగే థండర్‌బర్డ్ ఖాతా అమరికల్లో ‘సింక్రనైజేషన్ అండ్ స్టోరేజ్’లో అన్ని మెయిళ్లకు బదులు ఇటీవలి కొన్ని నెలలవి మాత్రమే కంప్యూటర్‌లో ఉంచమని చెప్పవచ్చు, పాతవి సర్వర్‌లో భద్రంగా ఉంటాయి, అడిగినప్పుడు వస్తాయి. ఒక్క హెచ్చరిక: ఐమ్యాప్ ఖాతాలో మీరు ఇక్కడ డిలీట్ చేస్తే సర్వర్‌లోనూ, మీ ఫోన్‌లోనూ పోతుంది. కంప్యూటర్‌లో చోటు కోసమని జీమెయిల్ మెయిళ్లు డిలీట్ చేయకండి.

టైపు చేస్తుంటే అక్షరాలు ఆగుతున్నాయన్నారు. రాస్తున్న మెయిల్‌ను థండర్‌బర్డ్ మామూలుగా ప్రతి 5 నిమిషాలకు డ్రాఫ్ట్‌గా సేవ్ చేస్తుంది. జీమెయిల్ ఖాతాలో ఆ డ్రాఫ్ట్ సర్వర్‌కు వెళుతుంది. మీరు ముందే 20 ఎం.బి. అటాచ్‌మెంట్ తగిలించి, తర్వాత నింపాదిగా వివరణ రాస్తూ కూర్చుంటే, ప్రతి 5 నిమిషాలకు అంత బరువూ ఇంటర్నెట్ మీదుగా పైకి వెళుతుంటుంది. జీమెయిల్ ఐమ్యాప్ ద్వారా రోజుకు పైకి 500 ఎం.బి., కిందికి 2,500 ఎం.బి. మాత్రమే అనుమతిస్తుంది; అది దాటితే ఖాతా కొంతసేపు మొండికేస్తుంది. గడువు రోజుల్లో మీకు జీమెయిల్ కొన్నిసార్లు అసలు కలవకుండా పోయి ఉంటే దీన్ని అనుమానించవచ్చు. ‘కాపీస్ అండ్ ఫోల్డర్స్’లో డ్రాఫ్టులను లోకల్ ఫోల్డర్స్‌లో ఉంచమని మార్చండి, అటాచ్‌మెంట్‌ను పంపే ముందు చివరగా తగిలించండి.

పాప్ ఖాతాలో కూడా ఒక అమరిక చూడండి. మెయిళ్లు ఎప్పటికీ సర్వర్‌లో ఉంచమని ఉంటే, కొత్తవి చూసిన ప్రతిసారీ సర్వర్‌లోని మొత్తం జాబితాను తెచ్చుకుని పోల్చుకోవాలి. 14 రోజులకో నెలకో పరిమితం చేస్తే ఆ జాబితా చిన్నదవుతుంది. ఇది మార్చే ముందు మీ దగ్గరి బ్యాకప్ సరిగా ఉందని రెండోసారి చూసుకోండి. ఆ బ్యాకప్‌ను నెలనెలా కొత్తది చేస్తుండండి. అయితే ప్రొఫైల్ ఫోల్డర్‌నే తీసుకెళ్లి వన్‌డ్రైవ్ లేదా గూగుల్ డ్రైవ్ ఫోల్డర్‌లో పెట్టే తెలివితేటలు మాత్రం వద్దు: ఒక్క మెయిల్ వచ్చినా పెద్ద ఫైలు మారి, దాన్ని మళ్లీ పైకి పంపే పని మొదలవుతుంది. రెండు కంప్యూటర్లు దాన్ని పంచుకుంటే ఫైలే చెడుతుంది.

పైవన్నీ చేసినా వెతుకులాట ఒక్కటే నెమ్మదిగా ఉంటే, ప్రొఫైల్ ఫోల్డర్‌లో ‘గ్లోబల్ మెసేజెస్ డీబీ’ అనే పేరుతో ఉన్న ఎస్‌క్యూలైట్ ఫైలును, థండర్‌బర్డ్ మూసి ఉన్నప్పుడు తీసేయండి. అందులో మెయిళ్లు ఉండవు, వెతకడానికి పనికొచ్చే సూచీ ఉంటుంది. తెరవగానే అది మళ్లీ తయారవడం మొదలవుతుంది. కొన్ని గంటలు కంప్యూటర్ బరువుగా నడుస్తుంది, టూల్స్ కింద ‘యాక్టివిటీ మేనేజర్’లో ఆ పని ఎంతవరకు వచ్చిందో చూడవచ్చు. రాత్రి వదిలేసి వెళ్లండి.

హెల్ప్ కింద ‘ట్రబుల్‌షూట్ మోడ్’లో నడిపితే వేగంగా ఉండి, మామూలుగా తెరిస్తే నెమ్మదిగా ఉంటే యాడ్-ఆన్‌లను (థండర్‌బర్డ్‌కు అదనంగా తగిలించుకున్న చిన్న ప్రోగ్రాములను) గానీ, సెట్టింగుల్లోని ‘హార్డ్‌వేర్ యాక్సిలరేషన్’ టిక్కును గానీ అనుమానించాలి, ఎందుకంటే ఆ మోడ్‌లో అవి పనిచేయవు. యాడ్-ఆన్‌లను ఒక్కొక్కటిగా ఆపి చూస్తే దొంగ దొరుకుతుంది.

కొత్త కంప్యూటర్ కొనాలా అన్నదానికి నా జవాబు: ఇప్పుడే వద్దు. టాస్క్ మేనేజర్‌లో ‘పెర్ఫార్మెన్స్’ కింద డిస్కు పేరు దగ్గర హెచ్‌డీడీ అని ఉంటే, అంటే లోపల ఇంకా తిరిగే పాత రకం హార్డ్ డిస్కే ఉంటే, దాని బదులు తిరిగే భాగాలు లేని వేగమైన డిస్కు, ఎస్ఎస్‌డీ, వేయించుకోండి. మీ లాంటి వాడకానికి ర్యామ్ పెంచడం కంటే దాని ప్రభావం ఎక్కువ. అప్పుడు విండోస్‌ను కొత్తగా వేయవలసి వస్తే, థండర్‌బర్డ్‌ను ఇన్‌స్టాల్ చేసి, తెరవకముందే, బ్యాకప్ తీసిన ‘థండర్‌బర్డ్’ ఫోల్డర్‌ను యాప్‌డేటాలో ‘రోమింగ్’ అనే ఫోల్డర్‌లో, అంటే అది ఇదివరకు ఉన్న చోటనే పెట్టమని మీ సర్వీసు అబ్బాయికి చెప్పండి. ఖాతాలు, ఫోల్డర్లు, పాత మెయిళ్లు అన్నీ యథాతథంగా కనిపిస్తాయి. కనిపించాయని మీరు కూర్చుని సరిచూసుకునేదాకా పాత డిస్కును ఎవరికీ ఇవ్వకండి, చెరపనివ్వకండి.